చెయ్యి పెట్టి చూడండి

మా ఆయన ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే సూటిగానే చెబుతాను. పొయ్యి మీద చెయ్యి పెట్టేవారు. నవ్వకండి, జీతం దానికే. ఇంటి సామాన్లు అమ్మే పెద్ద షోరూంలో అద్దాల తలుపు తోసుకుని అడుగు పెట్టగానే ఆయన బల్ల కనిపిస్తుంది. బల్ల మీద ఒక ఇండక్షన్ స్టౌ, ఒక స్టీలు గిన్నె, మడతపెట్టిన పాత పేపరు. బల్ల వెనకాల మెడకి టై బిగించుకుని మా ఆయన. ఫ్రిజ్ కొందామని వచ్చినవాళ్లయినా, బయట ఎండ భరించలేక కాసేపు ఏసీ కింద నిలబడదామని వచ్చినవాళ్లయినా, ఆయనకి చిక్కకుండా లోపలికి పోలేరు.

"రండమ్మా, రండి సార్! మంట కనిపిస్తోందా? లేదు. సెగ తగులుతోందా? లేదు. స్విచ్ వేశాను, లైటు చూడండి. ఇప్పుడు నా అరచెయ్యి. చెయ్యి పెట్టి చూడండి! కాలుతోందా? కాలదు! గిన్నెని కాలుస్తుందిగానీ మనిషిని కాల్చని పొయ్యమ్మా ఇది!"

ఆ మాట అంటూ అరచేతిని గాజు పలక మీద బోర్లించి, అందరి మొహాలూ ఒక్కసారి కలయజూసేవారు. పిల్లలు నోళ్లు తెరిచేవారు. పెద్దవాళ్లలో ఎవరో ఒకరు ధైర్యం చేసి తామూ చెయ్యి పెట్టి, సిగ్గుపడుతూ నవ్వేవారు. ఆ తర్వాత పలక మీద పేపరు పరిచి, దాని మీద నీళ్ల గిన్నె పెట్టి మరిగించేవారు. పేపరు కాలకుండా నీళ్లు కుతకుతలాడుతుంటే జనం చప్పట్లు కొట్టేవారు. షోరూంలో ఆయన్ని అరచేతి మాస్టారు అని పిలిచేవారు. ఆయన దాన్ని బిరుదనుకున్నారు.

ఈ విద్యలో కిటుకల్లా వరస. ముందు చెయ్యి, తర్వాత గిన్నె. ఎప్పుడూ అదే వరస. ఎందుకంటే ఆ పొయ్యి తనంతట తాను వేడెక్కదు, మీద పెట్టిన గిన్నెని వేడెక్కిస్తుంది. గిన్నె వేడి తిరిగి కింద గాజుకి దిగుతుంది. గిన్నె తీసేశాక ఆ గాజు చూడ్డానికి మునుపటిలాగే నల్లగా, నున్నగా, అమాయకంగా ఉంటుంది. తాకితే చర్మం ఊడి వస్తుంది. మా ఆయనకి ఇది తెలియదనుకునేరు, బ్రహ్మాండంగా తెలుసు. గిన్నె దించాక ఆ బల్ల మీద చిటికెన వేలు కూడా ఆనించేవారు కాదు. చెయ్యి పెట్టే ముందు ఉంగరం తీసి జేబులో వేసుకునేవారు, లోహం కదా, అదీ వేడెక్కుతుందని. ఎందుకు తీస్తున్నారో మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు.

"ఆ సంగతి కూడా రెండు ముక్కలు చెబితే మీ సొమ్మేం పోయింది?" అని ఒకసారి అడిగాను.

"అమ్మేటప్పుడు అవన్నీ చెబితే ఎవరు కొంటారు? జనాన్ని బెదరగొట్టడానికి మనమేమన్నా ఇన్సూరెన్స్ అమ్ముతున్నామా అంటాడు మా ఓనరు. డబ్బాలో పుస్తకం ఉంటుందిగా, చదువుకుంటారు."

లోకంలో జనం మిక్సీ పుస్తకాలూ, స్టౌ పుస్తకాలూ రాత్రింబవళ్లు చదువుకుంటూ ఉంటారని ఆయన గట్టి నమ్మకం. మా ఇంట్లో ఆ పుస్తకాలన్నీ అలమరలో పళ్లేల కింద పరిచి ఉంటాయి.

షోరూంలో చెప్పింది చాలదన్నట్టు ఇంట్లో కూడా అదే సాధన. చొక్కా గుండీలు పెట్టుకుంటూ హాల్లో ఇటూ అటూ తిరుగుతూ ఒకసారి, భోజనానికి కూర్చునే ముందు ఇంకోసారి. ఏ మాట దగ్గర ఆగాలి, ఏ మాట దగ్గర గొంతు పెంచాలి అని. నేను చెవుల్లో దూది పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయనకున్న ఒకే ఒక్క వీరాభిమాని మా అత్తయ్య. మంచం మీద కూర్చుని, ఆయనతో పాటే పెదవులు కదుపుతూ ఉండేది. "సెగ అనేటప్పుడు కొంచెం ఆగరా, వినేవాళ్లకి ఆత్రం పెరగాలి" అని సలహాలు కూడా. ఆ పాఠం ఆయన కంటే ఆవిడకే బాగా వచ్చనిపించేది.

అత్తయ్యకి చూపు లేదు. పుట్టుకతో కాదు. నడివయసులో కంటి నరాలు మెల్లమెల్లగా ఎండిపోయాయి. దాన్ని తల్చుకుని ఏడుస్తూ కూర్చునే రకం కాదు ఆవిడ. కళ్ల పని వేళ్లకి అప్పగించింది, వేళ్లు ఆ ఉద్యోగాన్ని మా ఇంట్లో కళ్లున్నవాళ్లందరి కంటే శుభ్రంగా చేసేవి. ఆరిన బట్టల గుట్ట ముందు పెడితే అంచులు తడిమి ఎవరివి వాళ్లకి మడతపెట్టేది. సూదిలో దారం ఎక్కించేది. బెండకాయ ముదిరిందో లేతదో నేను కొనుక్కొచ్చిన సంచిలో చెయ్యి పెట్టి చెప్పేది, నా బేరం తెలివితేటల గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పేది. మా అమ్మాయి తలలో పేలు పడ్డాయని బడివాళ్ల కంటే ముందు కనిపెట్టింది ఆవిడే. నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చోవడానికి పొద్దున్నే వెళ్లిపోతే, సాయంత్రం దాకా వంటిల్లు ఆవిడ రాజ్యం. గ్యాస్ పొయ్యి వెలిగిందో లేదో చెవితో వినేది, ఎంత మంట ఉందో అరచెయ్యి దూరంగా పట్టి కొలిచేది. అన్నేళ్లలో ఒక్క పొక్కు లేదు.

ఇలా సవ్యంగా సాగుతున్న సంసారంలోకి మా ఆయన ప్రతిభకి బహుమతి వచ్చిపడింది. ఆ ఏడాది అందరి కంటే ఎక్కువ పొయ్యిలు అమ్మినందుకు ఓనరు సంతోషించి, డెమో బల్ల మీది పాత స్టౌనే అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. అంత ఉదారమైన మనిషి మరి. మా ఆయన దాన్ని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని తెచ్చారు.

"అమ్మా, ఇంక నీకు మంటతో పని లేదు. గ్యాస్ లీకవుతుందని భయం లేదు, చీర కొంగు అంటుకుంటుందని భయం లేదు" అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. ఆవిడ ఒంటరిగా పొయ్యి దగ్గర ఉంటుందని షోరూంలో కూడా ఆయనకి లోపల్లోపల గుబులుగానే ఉండేది. అదే రోజు గ్యాస్ పొయ్యి అటకెక్కింది.

కొత్త పొయ్యికి జరిగిన మర్యాదలు చెప్పాలి. దానికి గోడ సాకెట్ ఒకటి విడిగా కేటాయించారు. ఫ్రిజ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు, వైరు కాలిపోతుందట. గోడకి ఆనించకూడదు, దానికి గాలి ఆడాలట. కింద గుడ్డ వేయకూడదు, ఊపిరాడదట. పాలు పొంగి మీద పడితే ప్లగ్ తీసి తుడవాలట, అదీ లోపలి ఫ్యాన్ చప్పుడు ఆగాకనే. ఒక అయస్కాంతం పట్టుకుని నా గిన్నెలన్నిటికీ పరీక్ష పెట్టారు. అంటుకున్నవి పాసయ్యాయి, అల్యూమినియంవన్నీ ఫెయిలై అటక మీద గ్యాస్ పొయ్యికి తోడు వెళ్లాయి. ఖాళీ గిన్నె పెట్టి మర్చిపోకూడదు, చెంచాలూ మూతలూ పలక మీద పడేయకూడదు. పొయ్యికి ఏ కష్టమూ రాకుండా ఎలా చూసుకోవాలో ఆయన పూసగుచ్చినట్టు చెప్పారు. అన్నీ సరైన మాటలే.

చిక్కల్లా మీటలతో వచ్చింది. అసలు మీటలుంటే కదా! అంతా నున్నటి గాజు. దాని మీద బొమ్మలు గీసి ఉంటాయి, వేలు ఆనిస్తే పనిచేస్తాయి. వెతకడానికి తడిమితే ఆ తడమడాన్నే ఆజ్ఞ అనుకుని కుయ్యిమంటూ తనకి తోచింది చేస్తుంది. అత్తయ్య వేళ్లు మొదటిసారి ఆ గాజు మీద అటూ ఇటూ జారి, ఏమీ దొరక్క ఆగిపోయాయి. ఆవిడ మొహంలో అలాంటి బెదురు నేనెప్పుడూ చూడలేదు. నా గోళ్ల రంగు తెచ్చి, స్టౌ వేసే బొమ్మ మీద ఒక చుక్క, ఆపే బొమ్మ మీద రెండు చుక్కలు మందంగా వేసి ఆరబెట్టాను. వాటిని తడిమి చూసుకుని, "హమ్మయ్య, దీనికి మొహం వచ్చింది" అంది ఆవిడ.

"వెలిగిందో లేదో ఎలా తెలుస్తుందిరా? మంట చప్పుడూ లేదు, సెగా లేదు" అని కొడుకుని అడిగింది.

"చెయ్యి పెట్టి చూడమ్మా! కాలదు. నువ్వు రోజూ వింటూనే ఉన్నావుగా" అని ఆవిడ చెయ్యి పట్టుకుని చల్లటి పలక మీద పెట్టారు. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

"గిన్నె దించాక కాలుతుందని కూడా చెప్పండి" అన్నాను.

"చెబుతాలే, ముందు అలవాటు పడనీ. మొదట్లోనే భయపెడితే ఇక దగ్గరికి రాదు" అన్నారు. ఇంట్లో కూడా అమ్మకమే.

నేనే చెప్పాను. "అత్తయ్యా, గిన్నె తీశాక పలక ముట్టుకోకండి, కాలుతుంది."

"మావాడు అలా అనలేదే. రోజూ అంతమంది చేత పెట్టిస్తున్నాడుగా, అమ్మాయ్" అంది ఆవిడ. కొడుకు మాట మీద కోడలి మాట నెగ్గడం ఏ ఇంట్లోనూ జరగలేదు, మా ఇల్లు ప్రత్యేకమేమీ కాదు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ గిన్నె నేనే దించేదాన్ని, దించి ఆవిణ్ణి పక్కకి తప్పించేదాన్ని. నేను లేనప్పుడు ఆవిడ చేసుకునేది టీ ఒక్కటే. అదీ గిన్నె దించకుండా, ఆ పలక మీదే చల్లారబెట్టుకునేది. అలా కొన్నాళ్లు గడిచాయి.

ఒక ఆదివారం ఎదురింటి టీచరమ్మ వచ్చింది. బళ్లో పిల్లల్ని వణికించి రిటైరైన మనిషి, ఇప్పుడు గ్యాస్ బండ మార్చాలంటే తనే వణుకుతోంది. ఇండక్షన్ కొందామా అని అడగడానికి వచ్చింది. మా ఆయనకి ఇంతకంటే పండగేముంది? సెలవు రోజని కూడా చూడకుండా వంటింట్లో డెమో మొదలుపెట్టారు. ఈసారి నీళ్లు కాదు, ఇనప పెనం మీద ఆమ్లెట్లు. ఒకటి కాదు, వచ్చినావిడకీ, ఇంట్లో అందరికీ వరసగా వేస్తూనే పోయారు. పెనం దించి, పళ్లేలు హాల్లోకి చేరేసరికి ఓనరు దగ్గర్నుంచి ఫోను. ఆయన బాల్కనీలోకి నడిచారు. నేను హాల్లో కుర్చీలు సర్దుతున్నాను. వంటింట్లో టీచరమ్మా, అత్తయ్యా మిగిలారు.

"అంతా బానే ఉందిగానీ వదినా, కాలదంటే మాత్రం నాకు నమ్మకం కుదరడం లేదు" అంది టీచరమ్మ.

"అయ్యో, దానికి వాడే రావాలా? నేను చూపిస్తా రండి" అంది అత్తయ్య.

ఆ తర్వాత నాకు వినిపించింది మా ఆయన పాఠమే, అత్తయ్య గొంతులో. "మంట కనిపిస్తోందా? లేదు. సెగ..." అని ఆగాల్సిన చోట ఆగింది కూడా. "సెగ తగులుతోందా? లేదు. ఇప్పుడు నా అరచెయ్యి." నాకు విషయం అర్థమై కుర్చీ వదిలేసి పరుగెత్తేలోపు, "చెయ్యి పెట్టి చూడండి" అంటూ ఆవిడ తన కుడిచెయ్యి పలక మీద బోర్లించి గట్టిగా అదిమింది. కాలదు అనే మాట సగంలో తెగిపోయింది.

పలక మూల ఎర్రటి అక్షరం ఒకటి వెలుగుతూనే ఉంది. వేడిగా ఉంది, ముట్టుకోవద్దు అని దాని అర్థం. చూపులేని మనిషిని దీపం పెట్టి హెచ్చరించిన ఆ యంత్రం తెలివికి ఏ అవార్డిచ్చినా తక్కువే. టీచరమ్మకి చూపుంది, కానీ ఆ అక్షరం చూసి స్విచ్ వేసి ఉందేమో అనుకుందట.

నేను అత్తయ్యని సింకు దగ్గరికి లాక్కెళ్లి కుళాయి కింద చెయ్యి పెట్టించాను. మా అరచేతి మాస్టారు బాల్కనీలోంచి పరుగెత్తుకొచ్చి, ఒక చేత్తో ఐసు ముక్కలూ ఇంకో చేత్తో టూత్‌పేస్టూ పట్టుకుని నిలబడ్డారు. రెండూ అక్కర్లేదు, పక్కన పెట్టి ఆటో పిలవండి అన్నాను. ఆటో వచ్చేదాకా చల్లటి ధార కింది నుంచి ఆ చెయ్యి తీయనివ్వలేదు. ఆవిడ ఏడవలేదు. నీళ్ల చప్పుడులో నా భుజం మీద తల ఆనించి నిలబడింది.

డాక్టరు కట్టు కట్టాడు. అరచేతిది త్వరగానే మానుతుందట. వేళ్ల కొసలే బాగా అదిమినట్టున్నారు, లోతుగా కాలాయన్నాడు. "చర్మం వస్తుందమ్మా. స్పర్శ సంగతి ఇప్పుడే చెప్పలేం. తిరిగి రావచ్చు, కొంత రాకపోవచ్చు. కట్టు విప్పాక చూద్దాం" అన్నాడు. మామూలు మనిషికి చెప్పినట్టే చెప్పాడు. ఆ వేళ్లు ఆవిడకి కళ్లని ఆయనకి తెలియదు.

ఆ సాయంత్రం అత్తయ్య మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కొడుకుని పిలిచింది.

"ఒరేయ్, నేనెక్కడ తప్పానో చూడరా" అని పాఠం మొదట్నుంచీ అప్పజెప్పింది. మంట, సెగ, లైటు, అరచెయ్యి, అన్నీ. చివరిదాకా చెప్పి ఆగింది. "ఏ మాట మర్చిపోయాను?"

"ఏదీ మర్చిపోలేదమ్మా. నేను చెప్పినట్టే చెప్పావు."

"మరి ఎందుకు కాలింది?"

మా ఆయనకి మాట తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజే చూశాను. గిన్నె సంగతి, వరస సంగతి అన్నీ చెప్పారు. ఆవిడ విని, "అదా! పోన్లే, నీకు తెలుసుగదా, అదే చాలు. నీ చెయ్యి కాలకుండా ఉంది" అంది. తిట్టి ఉంటే ఆయన బాగుపడేవారు. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

షోరూంలో మర్నాటి నుంచి డెమో మారింది. ముందు గిన్నె పెట్టి నీళ్లు మరిగించి, గిన్నె దించి, ఖాళీ పలక మీద చెంచాతో నీటి చుక్కలు వేసేవారట. అవి సుర్రుమని ఎగిరేవి. "గిన్నె లేనప్పుడు వేడి పుట్టదు, నిజమే. గిన్నె దించాక మాత్రం ఇది పెనమే. ఎర్రగా కనపడదు, పొగ రాదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? చూపు ఆననివాళ్లున్నారా? పైకి చెప్పండి, నోటితో చెప్పండి" అని పాఠం. జనం ఎగిరే చుక్కల్ని చూసి, పిల్లల చేతులు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసేవారు. అమ్మకాలు కూడా వెనకడుగు వేశాయి. ఓనరు కొన్నాళ్లు చూసి, ఆయన్ని సీలింగ్ ఫ్యాన్ల దగ్గరికి మార్చాడు. అక్కడ చెయ్యి పెట్టి చూడమనే అవసరం ఎవరికీ రాదు. అరచేతి మాస్టారు అనే బిరుదు తర్వాత వచ్చిన కుర్రాడికి దక్కింది.

ఇంట్లో కొత్త చట్టం పుట్టింది. గిన్నె దించినవాళ్లు "పలక వేడి!" అని వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. వెంటనే చల్లటి నీళ్లు నింపిన వెడల్పాటి గిన్నె దాని మీద పెట్టాలి, తడిమే చెయ్యి ముందు దానికే తగిలేలా. మా ఆయన నాకంటే గట్టిగా అరుస్తారు, పై అంతస్తువాళ్లు ఎవరిని పిలుస్తున్నారని అడిగారు కూడా. అటక మీంచి గ్యాస్ పొయ్యి కూడా దించి తుడిచి పెట్టారు. కానీ అత్తయ్య వంటింట్లోకి రావడం మానేసింది. ఎడమ చేత్తో చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసింది ఒకసారి. బట్టలు మడతపెట్టబోయి, నాదీ ఆయనదీ కలిపేసి, మళ్లీ విప్పి, అలాగే వదిలేసింది. "కట్టు విప్పనీ, అమ్మాయ్" అనేది. నేను కూడా అదే అనేదాన్ని. నాకు భయంగా ఉండేది.

కట్టు విప్పే రోజు మా ఆయన షోరూంకి సెలవు పెట్టారు. నర్సు చివరి చుట్టు తీసేసింది. చర్మం గులాబి రంగులో, కొత్తగా, మెరుస్తూ ఉంది. డాక్టరు దూదీ, సూది మొనా తాకించి అడిగాడు. అరచేతి మీద అన్నీ చెప్పింది. వేళ్ల కొసల మీదికి వచ్చేసరికి ఒకసారి చెప్పింది, ఒకసారి ఆగింది, ఒకసారి అడక్కుండానే ఊహించి చెప్పింది. "చూద్దాం, కొన్నాళ్లు పోనివ్వండి" అన్నాడాయన.

ఇంటికొచ్చాక అత్తయ్య మంచం మీద కూర్చుని, "ఎక్కడున్నావురా, ఇలా రా" అంది. మా ఆయన వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నారు. చెయ్యి కాలిన రోజు నుంచీ ఆయన గడ్డం గీసుకోలేదు. షోరూంలో గొడవ చేసినా వినలేదు, ముళ్లకంపలా పెరిగిపోయింది. ఆవిడ కుడిచెయ్యి చాచి, కొత్త వేళ్ల కొసలతో ఆయన చెంప మీద పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది. మళ్లీ ఒకసారి నిమిరింది. మొహం వెలిగిపోయింది.

"ఎంత నున్నగా గీసుకున్నావురా, నాయనా" అంది.

మా ఆయన ఆవిడ వేళ్లని అలాగే చెంపకి అదిమి పట్టుకున్నారు.

"అవునమ్మా, పొద్దున్నే గీసుకున్నాను" అన్నారు.

ఆవిడ పడుకున్నాక బాత్రూంలోకి వెళ్లి, గీసుకుని వచ్చారు.